టీవీకి గేమ్ కన్సోల్ పెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: నల్లగొండ నుంచి

టీవీలు గోడకు బిగించడం నా పని. ఉండేది నల్లగొండ. పని ఉంటే మిర్యాలగూడ, దేవరకొండ, పండగల ముందు మహబూబ్‌నగర్ దాకా పోతుంటా. ఒకప్పుడు టీవీ ఆన్ కాగానే ఇంట్లోవాళ్లు అడిగేది డిష్ గురించే. ఇప్పుడు నేను నిచ్చెన దిగకముందే ఇంట్లో పిల్లగాడు "అన్నా, పీఎస్5 ఏ పోర్టుకు పెట్టాలె" అంటాడు. పీఎస్5 అంటే సోనీ గేమ్ కన్సోల్, టీవీకి తగిలించి ఆటలాడే డబ్బా. వాళ్ల నాన్న నా మొహం చూస్తాడు. ఫోన్లో మళ్లీమళ్లీ చెప్పే జవాబులన్నీ ఒక్కచోట రాసి పెడితే నాకూ గొంతు మిగులుతుంది, అందుకే ఇది.

కొత్త టీవీ, కొత్త కన్సోల్. అయినా క్రికెట్ గేములో బటన్ నొక్కినాక బ్యాట్స్‌మన్ బ్యాటు లేటుగా ఊపుతున్నడు. కన్సోల్ పాడైందా అన్నా?

నూటికి తొంభై సార్లు కన్సోల్‌కు ఏమీ కాదు. టీవీ 'గేమ్ మోడ్'లో లేదు, అంతే.

పోయిన ఎండాకాలం రామగిరిలో ఒకరింటికి ఇదే ఫిర్యాదు మీద వెళ్లా. ఇంటర్ పిల్లగాడు క్రికెట్ 24 ఆడుతున్నాడు. బాల్ కీపర్ గ్లవ్స్‌లో పడ్డాక వీడి బ్యాటు లేస్తోంది. కన్సోల్‌ను హైదరాబాద్ సర్వీస్ సెంటరుకు పంపుదామని వాళ్ల నాన్న ఖాళీ డబ్బా అటక మీద నుంచి దించి కూడా పెట్టాడు. రిమోట్ తీసుకుని చూస్తే పిక్చర్ మోడ్ 'వివిడ్'. షోరూంలో ఎలా వెలిగిపోతూ ఉందో ఇంట్లోనూ అలాగే ఉంది. దాన్ని 'గేమ్'కి మార్చి రిమోట్ పక్కన పెట్టా. మరుసటి ఓవర్లో రెండో బంతికి కవర్స్ మీదుగా ఫోర్. పిల్లగాడు టీవీ వైపు కాదు, చేతిలో కంట్రోలర్ వైపు చూసుకున్నాడు, ఇది నేనేనా అన్నట్టు.

జరిగేది ఇది. కన్సోల్ పంపిన బొమ్మను టీవీ ఉన్నదున్నట్టు చూపించదు. మరకలు తుడుస్తుంది, అంచులు చెక్కుతుంది, రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును తానే ఊహించి గీస్తుంది. సినిమాకైతే పర్వాలేదు, బొమ్మ కాస్త ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తెలియదు. గేములో తెలుస్తుంది. ఈ మెరుగులన్నీ ఆన్‌లో ఉంటే చాలా టీవీల్లో 100 మిల్లీసెకండ్లు, కొన్నింట్లో ఇంకా ఎక్కువే పడుతుంది. గేమ్ మోడ్‌లో అవన్నీ ఆగిపోయి 10 నుంచి 20 మిల్లీసెకండ్లలో బొమ్మ తెర మీదికి వస్తుంది. గంటకు 140 కిలోమీటర్ల బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. బౌలర్ చేతి నుంచి బ్యాటు దాకా రావడానికి అరసెకను. అందులో పదో వంతు సెకను టీవీయే మింగేస్తే ఆడేవాడికి మిగిలేదెంత? సచిన్‌ను కూర్చోబెట్టినా ఎడ్జే.

గేమ్ మోడ్ పెడితే బొమ్మ పాలిపోయినట్టు కొడుతుంది కదా?

మొదటి రెండు రోజులు అలా అనిపిస్తుంది. వివిడ్ నీలపు మెరుపుకు కన్ను అలవాటుపడి ఉంటుంది. గేమ్ మోడ్‌లోనే కలర్ టెంపరేచర్ 'వార్మ్' వైపు ఒక మెట్టు జరిపి, బ్యాక్‌లైట్ పెంచుకోండి. షార్ప్‌నెస్ మాత్రం పెంచొద్దు, అక్షరాల చుట్టూ తెల్ల అంచు కడుతుంది.

టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నయి. ఏ దాంట్లో పెట్టినా ఒకటే కదా?

కాదు. ఎక్కువమంది పైసలు పోసి కొన్నది వాడుకోకుండా వదిలేసేది ఇక్కడే.

పాత తరం 2.0 పోర్టు సెకనుకు 18 గిగాబిట్ల దాకా మోస్తుంది. 4కె బొమ్మను, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్నదాన్ని, సెకనుకు 60 సార్లు పంపడానికి అది చాలు. 120 సార్లు పంపాలంటే చాలదు. 2017 నవంబరులో వచ్చిన 2.1 ప్రమాణం ఆ దారిని 48 గిగాబిట్లకు వెడల్పు చేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అందులో 40 వాడుకుంటుంది, పీఎస్5 32తో సరిపెట్టుకుంటుంది. మన దగ్గర అమ్ముడయ్యే మధ్యరకం టీవీల్లో చాలావాటికి నాలుగు పోర్టుల్లో రెండే వెడల్పువి. అందులో ఒకటి సౌండ్‌బార్ తగిలించే ఈఆర్క్ పోర్టు కూడా అయి ఉంటుంది. సౌండ్‌బార్ ఒకటి ఆక్రమిస్తే కన్సోల్‌కు మిగిలేది ఒక్కటే. టీవీ వెనక, పోర్టు పక్కనే చిన్న అక్షరాల్లో '4కె 120' అని రాసి ఉంటుంది. ఫోన్ టార్చి వేసి చూడండి. గోడకు బిగించేశాక చూడాలంటే మెడ పట్టేస్తుంది, అందుకే నేను బిగించే ముందే అడుగుతా: "ఇంట్లో గేమ్ ఆడేవాళ్లున్నరా?" ఇప్పుడు లేరని చెప్పినవాళ్లకు కూడా ఆ పోర్టులో ఒక కేబుల్ పెట్టి, కొసను కిందికి వదిలి వస్తా. పిల్లలు ఊరికే ఉండరు.

సరైన పోర్టు దొరికినా పని సగమే అయింది. చాలా టీవీలు డబ్బాలో నుంచి వచ్చినప్పుడు ఆ పోర్టును కుదించిన పద్ధతిలో ఉంచుతాయి, పాత సెట్‌టాప్ బాక్సులు తికమకపడకుండా. మనమే తెరవాలి. సామ్‌సంగ్‌లో దాని పేరు 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'హెచ్‌డీఎంఐ డీప్ కలర్', సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్'లోకి పోయి 'ఎన్‌హాన్స్‌డ్' అని పెట్టాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది, ఏ పేరూ ఏం చేస్తుందో చెప్పదు.

తెరుచుకుందో లేదో కన్సోలే చెబుతుంది. పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్, అక్కడ వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఇప్పుడు ఏ సిగ్నల్ పోతోందో కనిపిస్తుంది. ఎక్స్‌బాక్స్‌లో టీవీ అండ్ డిస్‌ప్లే ఆప్షన్స్ కింద '4కె టీవీ డీటెయిల్స్' అని ఉంటుంది. పచ్చ టిక్కులు వరుసగా పడితే బేఫికర్. ఎక్కడ ఇంటూ పడిందో చూస్తే లోపం ఎక్కడుందో దొరుకుతుంది.

డబ్బా మీద 120 అని పెద్దగ రాసిండ్రు. కానీ కన్సోల్ 60 దాటుతలేదు. మోసమేనా?

ఇందులో నేనూ బోల్తా పడ్డా. పదిమందికి టీవీలు బిగించేవాణ్ణి, నా ఇంటికి కొన్నప్పుడు డబ్బా మీది '120' చూసి 55 అంగుళాలది ఎత్తుకొచ్చా. దుకాణం పేరెందుకు గానీ, "పక్కా 120 తమ్మీ" అని భుజం తట్టి మరీ ఇచ్చాడు. ఇంటికొచ్చి పీఎస్5 పెడితే 60 దగ్గర ఆగింది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా మళ్లీ చదివా. 120 ముందు చిన్న అక్షరాల్లో 'మోషన్ రేట్' అని ఉంది. అంటే తెర సెకనుకు 60 సార్లే మారుతుంది, మధ్యలో తానే కల్పించిన ఫ్రేములు కలిపి 120 అని లెక్క చెబుతుంది. గేమ్ మోడ్ పెట్టగానే ఆ కల్పన ఆగిపోతుంది కాబట్టి గేములో ఆ 120కి విలువ సున్నా.

కొనేటప్పుడు అడగాల్సిన మాట 'నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత'. అంటే తెర నిజంగా సెకనుకు ఎన్నిసార్లు మారుతుందని, దాన్నే హెర్ట్జ్‌లో చెబుతారు. 'ప్యానెల్ 60, ఎంఈఎంసీతో 120' అంటే 60 అని రాసుకోండి, ఎంఈఎంసీ అంటే ఆ కల్పించిన ఫ్రేములే. ఇంకో రకం కూడా ఉంది, 'డీఎల్‌జీ' అంటారు. 60 ప్యానెల్‌లోనే అడ్డ గీతలను రెండేసి కలిపి ఒకేసారి నడిపి 120 చేస్తారు. వేగం నిజమే, కానీ పై నుంచి కిందికి స్పష్టత సగానికి పడిపోతుంది. అబద్ధం కాదు, కానీ 4కె 120 కూడా కాదు. 144 అని ఉంటే అది కంప్యూటర్ పెట్టేవాళ్లకు. ఈ తరం పీఎస్, ఎక్స్‌బాక్స్ 120తోనే ఆగిపోతాయి.

ఇంకో మెలిక. డబ్బా మీద 'హెచ్‌డీఎంఐ 2.1' అని ఉన్నంత మాత్రాన 4కె 120 ఉన్నట్టు కాదు. ఆ ప్రమాణాన్ని నడిపేవాళ్లే 2.0 అనే పేరును ఎత్తేసి, 2.1లోని గొప్పలన్నీ ఐచ్ఛికం చేశారు. కొత్తవి ఏవీ ఇవ్వకుండానే 2.1 అని రాసుకోవచ్చు. అందుకే అంకెను వదిలేసి, '4కె 120 తీసుకుంటదా, వీఆర్ఆర్ ఉందా' అని విడివిడిగా అడగండి. వీఆర్ఆర్ సంగతి కింద చెబుతా.

మరి 60 హెర్ట్జ్ టీవీ ఉంటే గేములు ఆడొద్దా?

నిక్షేపంగా ఆడండి. కన్సోల్ గేముల్లో ఎక్కువ భాగం నడిచేది 30 లేదా 60 ఫ్రేముల మీదే. 120 ఇచ్చేవి తక్కువ, అవీ ఎక్కువగా ఆన్‌లైన్ షూటింగ్ గేములు. చేతిలో 40 వేలుంటే పేరుకు 120 ఉన్న నాసిరకం టీవీ కంటే, నిఖార్సైన 60 హెర్ట్జ్ టీవీ, కాస్త వెలుతురు ఎక్కువున్నది, నా ఓటు దానికే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ తేడాతో ఒక సైజు పెరగొచ్చు.

గేములో 'పర్ఫార్మెన్స్', 'క్వాలిటీ' అని రెండు దారులుంటాయి. మొదటిది 60 ఫ్రేములు, బొమ్మ కొంచెం మొద్దు. రెండోది 30 ఫ్రేములు, బొమ్మ నిగనిగ. కథ గేముకు క్వాలిటీ, క్రికెట్, ఫుట్‌బాల్, కార్లకు పర్ఫార్మెన్స్. పీఎస్5లో గేమ్ ప్రీసెట్స్‌లో ఒక్కసారి చెబితే సపోర్ట్ ఉన్న గేములన్నీ అదే తీసుకుంటాయి.

నిజమైన 120 తెర ఉన్నవాళ్లకు ఒక బోనస్ ఉంది. కొన్ని గేములు 40 ఫ్రేముల దారి కూడా ఇస్తాయి. 120ని 40 సరిగ్గా మూడుసార్లు భాగిస్తుంది కాబట్టి ప్రతి ఫ్రేము సమానంగా నిలబడుతుంది. 60ని 40 భాగించదు, అందుకే ఆ టీవీల్లో ఆ దారే కనిపించదు.

వీఆర్ఆర్ అంటే ఏంది?

గేములో పెద్ద పేలుడు జరిగితే కన్సోల్ ఊపిరి తీసుకుంటుంది, 60 ఫ్రేములు 52కు పడతాయి. టీవీ మాత్రం గడియారంలా 60 సార్లు మారుతూనే ఉంటుంది. కాళ్లు కలవవు. బొమ్మ మధ్యలో అడ్డంగా చీలినట్టు, లేదా గుతుక్కుమని ఆగినట్టు కనిపిస్తుంది. వీఆర్ఆర్ ఉన్న టీవీ కన్సోల్ అడుగులోనే అడుగు వేస్తుంది, 52 వస్తే 52 సార్లే మారుతుంది. పీఎస్5కు ఇది 2022లో అప్‌డేట్ ద్వారా వచ్చింది, 48 నుంచి 120 మధ్య పనిచేస్తుంది. ఎక్స్‌బాక్స్ అయితే ఫ్రీసింక్ (ఏఎండీ కంపెనీ వీఆర్ఆర్ పద్ధతి) ఉన్న టీవీలతోనూ కలిసిపోతుంది, పీఎస్5కు హెచ్‌డీఎంఐ వీఆర్ఆరే కావాలి. కొన్ని టీవీల్లో వీఆర్ఆర్ ఆన్ చేస్తే చీకటి సీన్లలో తెర మిణుకుమంటుంది. అలా అయితే ఆ ఒక్క గేముకు ఆపేయండి, టీవీ మార్చాల్సిన పనిలేదు.

ఏఎల్ఎల్ఎం?

కన్సోల్‌లో గేమ్ మొదలుకాగానే టీవీ తనంతట తానే గేమ్ మోడ్‌లోకి పోవడం. రిమోట్ వెతుక్కునే పని తప్పుతుంది.

హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే అంతా చీకటైంది. లేకుంటేనే బాగుంది. ఎందుకు పెట్టిండ్రు మరి?

మీ కన్ను కరెక్టే. హెచ్‌డీఆర్ అంటే వెలుగు, చీకటి మధ్య తేడాను ఎక్కువ చేసి చూపించే పద్ధతి. దాని అందం వెలుతురు మీద ఆధారపడుతుంది. ఆ బొమ్మల్లో చాలావాటిని 1000 నిట్ల (వెలుతురును కొలిచే లెక్క అది) వెలుతురుతో తయారు చేస్తారు. చవక టీవీ తెర 250, 300 దగ్గర ఆయాసపడుతుంది. సూర్యుణ్ణి చూపించలేదు గనక మిగతాదంతా కిందికి దించేస్తుంది. అలాంటి టీవీలో హెచ్‌డీఆర్ ఆపేసి ఆడితే తప్పేమీ లేదు.

కాస్త సత్తా ఉన్న టీవీ అయితే ఆపేముందు ఒక పని చేయండి. పీఎస్5లో 'అడ్జస్ట్ హెచ్‌డీఆర్' అని ఉంది. వరుసగా మూడు తెరలు వస్తాయి, మధ్యలో ఒక గుర్తు. అది కనీకనిపించనంత వరకు బాణం నొక్కుతూ పోవాలి. పొద్దుమీకి గదిలో లైటు ఎలా ఉంచి ఆడతారో అలాగే ఉంచి చేయండి. మధ్యాహ్నం కిటికీ తెరిచి సెట్ చేసి, రాత్రి చీకట్లో ఆడి బాగాలేదంటే అది టీవీ తప్పు కాదు. టీవీ మెనూలో 'హెచ్‌జీఐజీ' అని ఉంటే అది ఎంచుకోండి. అప్పుడు వెలుతురు లెక్క కన్సోల్ ఒక్కటే చూసుకుంటుంది, టీవీ మళ్లీ వేలు పెట్టదు. కన్సోల్‌లో హెచ్‌డీఆర్‌ను 'ఆల్వేస్' మీద కాక 'సపోర్ట్ ఉన్నప్పుడే' మీద ఉంచండి. లేకుంటే పాత గేములు కూడా బలవంతంగా రంగు పూసుకుని వస్తాయి.

డాల్బీ విజన్ ఉన్న టీవీయే కొనాలా?

డాల్బీ విజన్ హెచ్‌డీఆర్‌లోనే ఒక రకం. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ ఉన్నవాళ్లకు గేముల్లో పనికొస్తుంది. పీఎస్5కు డాల్బీ విజన్ లేదు, మామూలు హెచ్‌డీఆర్10 ఇస్తుంది. కాబట్టి పీఎస్5 కోసమే దానికి అదనంగా పెట్టొద్దు.

మూడు వేల రూపాయల హెచ్‌డీఎంఐ కేబుల్ కొనమంటున్నడు షాపాయన.

వద్దు. పీఎస్5, సిరీస్ ఎక్స్ డబ్బాలో వచ్చిన కేబుల్ 4కె 120కి సరిపోతుంది. అది పొట్టిదైతేనే కొత్తది కొనాలి. 'అల్ట్రా హై స్పీడ్' అనే లేబుల్, దాని మీద స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉన్నది చూసి, మూడు మీటర్లు దాటకుండా తీసుకోండి. బంగారు పూత మీద నాకు నమ్మకం లేదు.

సౌండ్‌బార్ ఎట్ల కలపాలె?

కన్సోల్ టీవీకి, సౌండ్‌బార్ ఈఆర్క్ పోర్టుకు. కన్సోల్‌ను సౌండ్‌బార్ గుండా పంపితే, ఆ బార్ పోర్టు పాతదైతే 120, వీఆర్ఆర్ రెండూ అక్కడే ఆగిపోతాయి. రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకునేవాళ్లు టీవీ బ్లూటూత్ జోలికి పోవద్దు, తుపాకీ పేలాక శబ్దం వస్తుంది. పీఎస్5 కంట్రోలర్ కిందనే మామూలు జాక్ ఉంది, పాత ఫోన్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి చాలు.

ఎండాకాలం కన్సోల్ విమానం లెక్క మోగుతుంది. ప్రమాదమా?

పీఎస్5 పనిచేయాల్సిన వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య అని సోనీయే చెబుతుంది. మే నెలలో నల్లగొండ బయట 44, 45. పైన స్లాబు మాత్రమే ఉన్న గదిలో రాత్రి తొమ్మిదికి కూడా గోడ చేయి పెడితే వేడిగానే ఉంటుంది. అంటే మన పిల్లలు సెలవుల్లో ఎక్కువ ఆడే రెండు నెలలూ కన్సోల్ గీత దాటే ఉంటుంది. ఫ్యాను గట్టిగా తిరగడం దాని బతుకు అది కాపాడుకోవడమే. మోగడం ఆపి, తెర మీద వేడి హెచ్చరిక వచ్చి ఆరిపోతే అప్పుడు భయపడాలి.

చేయాల్సినవి రెండు మూడే. టీవీ కింద ప్లైవుడ్ యూనిట్‌లో తలుపు వేసిన అరలో, గోడలో గూట్లో పెట్టొద్దు. నాలుగు వైపులా జానెడు ఖాళీ ఉండాలి. కూలర్ ఉన్న ఇళ్లలో దాని గాలి నేరుగా కన్సోల్ మీదికి కొట్టకుండా చూడండి, అది తడి గాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆడకపోతే కన్సోల్‌కూ మంచిదే, అమ్మానాన్నలకూ నిద్ర పడుతుంది.

ఇక దుమ్ము. మిర్యాలగూడలో రైస్‌మిల్లుల పక్క ఇళ్లలో కన్సోల్ విప్పితే లోపల సన్నటి ఊక దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. పాలమూరు వైపు ఎర్రమట్టి. పీఎస్5 పక్క కవర్లు చేత్తోనే ఊడొస్తాయి, లోపల దుమ్ము చేరడానికి ప్రత్యేకంగా గుంటలు ఇచ్చారు. రెండు నెలలకోసారి వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం అక్కడ పెడితే చాలు. నోటితో ఊదొద్దు, ఉమ్మి పోతుంది.

కరెంటు పోతే? ఇన్వర్టర్ మీద నడుస్తదా?

నడుస్తుంది, లెక్క చూసుకోవాలి. గేమ్ నడుస్తుంటే పీఎస్5 దాదాపు 200 వాట్లు, 55 అంగుళాల టీవీ 120 చుట్టూ, ఒక ఫ్యాను 70. మొత్తం 400 అనుకోండి. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు, నష్టాలు పోను 1200 చేతికొస్తాయి. మూడు గంటలు. బ్యాటరీ నాలుగేళ్లదైతే సగం. ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ మీద ఫ్యాను గుయ్‌మంటుందే, ఆ కరెంటు కన్సోల్‌కు పెట్టకండి. చాలా ఇన్వర్టర్ల వెనక 'యూపీఎస్' అని స్విచ్ ఉంటుంది. అది వేస్తే కరెంటు పోయిన క్షణంలో కన్సోల్ ఆరిపోకుండా మారుతుంది. ఆరిపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు 'స్టోరేజ్ రిపేర్' అంటూ కూర్చోబెడుతుంది, సేవ్ మధ్యలో ఉంటే ఆ ఆట పోయినట్టే.

ఇంతకంటే ముఖ్యమైనది ఎర్తింగ్. కేబుల్ కొస పట్టుకుంటే చేతికి జివ్వుమంటుందా? ఇంటి ఎర్త్ గుంత ఎండిపోయి ఉండొచ్చు. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసే గుంత అది, ఎండాకాలం ఎవరూ పట్టించుకోరు. నేను చూసిన కాలిపోయిన హెచ్‌డీఎంఐ పోర్టుల్లో చాలావరకు ఏప్రిల్, మే ఈదురుగాలుల రోజులవే. మెరుపు ఎక్కడో పడుతుంది, డిష్ వైరు గుండా సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి టీవీలోకి, టీవీ నుంచి కన్సోల్‌లోకి. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు.

ఓఎల్ఈడీ కొన్నం. గేములు ఆడితే మచ్చలు పడతయంటున్నరు?

ఓఎల్ఈడీ అంటే ప్రతి చుక్కా తానే వెలిగే తెర. ఒకే గేము రోజుకు ఆరేడు గంటలు, నెలల తరబడి, ఫుల్ వెలుతురుతో ఆడితే స్కోరు డబ్బా, మ్యాపు ఉండే మూల మచ్చ పడే అవకాశం ఉంది. మామూలుగా ఆడేవాళ్లకు అంత భయం అక్కర్లేదు. మన ఇళ్లలో ఉన్న ఒక అలవాటు మాత్రం ప్రమాదం. పడుకునేముందు అమ్మ హాల్లో స్విచ్ బోర్డు మీద అన్నీ టపటపా ఆపేస్తుంది. ఓఎల్ఈడీ టీవీ రిమోట్‌తో ఆపాక స్టాండ్‌బైలో ఉండి తన తెరను తానే సరిచేసుకుంటుంది. గోడ దగ్గర కరెంటు తీస్తే ఆ పని జరగదు. ఆ ఒక్క స్విచ్ మీద నేను ఎర్ర టేపు అంటించి వస్తా.

ఎంత సైజు, ఎంత దూరం?

55 అంగుళాల 4కె అయితే ఆడేటప్పుడు ఐదు నుంచి ఏడు అడుగులు. మన హాళ్లలో సోఫా పది, పన్నెండు అడుగుల్లో ఉంటుంది. అక్కడి నుంచి 43 అంగుళాల మీద ఫుల్ హెచ్‌డీ ఏదో, 4కె ఏదో కన్ను దాదాపు పట్టుకోదు. ఆడేటప్పుడు చాప ముందుకు జరుపుకోండి. ఎత్తు కూడా చూసుకోండి, కూర్చుంటే కంటికి తెర మధ్య భాగం ఎదురుగా రావాలి. దేవుడి పటాల వరుసలో, తలుపు పై అంచు ఎత్తున బిగించమంటారు కొందరు. బిగిస్తా, కానీ మెడ నొప్పికి నన్నడగొద్దు.

పాత 32 అంగుళాల టీవీ ఉంది. కన్సోల్ పనిచేస్తదా?

హెచ్‌డీఎంఐ ఉంటే పనిచేస్తుంది. అంచులు కోసినట్టు, స్కోరు సగమే కనిపిస్తే టీవీలో 'స్క్రీన్ ఫిట్' లేదా 'జస్ట్ స్కాన్' పెట్టండి. ఆ టీవీకి పీఎస్5 పెట్టడం మోపెడ్ వెళ్లే బాటలో లారీ తోలినట్టు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ గానీ, మంచి స్థితిలో ఉన్న పాత పీఎస్4 గానీ చాలు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పీఎస్2 ఇంకా అటక మీద ఉంటే కొత్త టీవీకి కన్వర్టర్ డబ్బా కావాలి, బొమ్మ మసకే వస్తుంది. దానికి పాత డబ్బా టీవీయే జోడు.

సెకండ్ హ్యాండ్ హైదరాబాద్‌లో తీసుకోవచ్చా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనోళ్లు సీటీసీ అంటారు, అక్కడికి పోయేవాళ్లు చాలామంది. సొంత డిస్కు ఒకటి జేబులో పెట్టుకుని పోండి. డిస్కు వేసి ఇరవై నిమిషాలు ఆడి, ఫ్యాను చప్పుడు వినండి. కేబుల్ పెట్టి మెల్లగా పైకీ కిందికీ కదిపి చూడండి, బొమ్మ పోయి వస్తుంటే పోర్టు వదులైంది. మీ అకౌంటుతో ఆన్‌లైన్‌లోకి పోయి చూడకుండా పైసలు ఇవ్వొద్దు, కొన్ని కన్సోళ్లను కంపెనీ నిషేధించి ఉంటుంది, అది బయటికి కనిపించదు.

గేమ్ 100 జీబీ అంటున్నడు. మా ఊర్ల నెట్‌తోని ఎంతసేపు?

నిజంగా 40 ఎంబీపీఎస్ వస్తే ఐదున్నర గంటలు. రాత్రి పెట్టి, కన్సోల్‌ను రెస్ట్ మోడ్‌లో వదిలేయండి. లాన్ వైరు లాగితే వైఫై కంటే నమ్మకం. పిల్లలు డిస్కు మార్చుకునేటట్టయితే డిస్కు డ్రైవు ఉన్న మోడలే కొనండి, ఒక డిస్కు వీధంతా తిరుగుతుంది.

పిల్లగాడు ఆడినాక అమ్మ సీరియల్ పెడితే రంగులన్నీ మారినయంటుంది. రోజూ ఇదే లొల్లి.

టీవీలో ప్రతి పోర్టుకూ పిక్చర్ మోడ్ విడిగా గుర్తుంటుంది. మార్చేటప్పుడు 'అప్లై టు ఆల్ ఇన్‌పుట్స్' అని ఉన్నదాన్ని తీసేయండి. కన్సోల్ ఉన్న పోర్టుకు గేమ్ మోడ్, సెట్‌టాప్ బాక్సు పోర్టుకు అమ్మకు నచ్చినది. సీరియల్ మధ్యలో కంట్రోలర్ మీద చేయి పడి టీవీ గేముకు దూకితే అది హెచ్‌డీఎంఐ సీఈసీ పని, అంటే కేబుల్ గుండా ఒక డబ్బా ఇంకోదాన్ని నడిపించే ఏర్పాటు. సామ్‌సంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. పీఎస్5 సెట్టింగ్స్‌లో 'వన్ టచ్ ప్లే' ఒక్కటి తీసేస్తే ఇక దూకదు. పానగల్లులో ఒకామె దీని కోసమే నన్ను పిలిపించింది. పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. నేను చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి పిలిచి అడిగింది, "అన్నా, ఆ కంట్రోలర్‌తోని సీరియల్ ముందుకు జరపరాదా?" అని.